మేళమును, దాని పోషకులును

పాశ్చాత్య దేశములలో పేరుగల పట్టణములకు వాద్యబృందములు గలవు. వానిని ఆర్కెస్ట్రాలందురు. సంవత్సరములో కొన్ని నెలలు ఆ బృందములవారు కచేరీలు జరిపి, కచేరీల కాలము ముగిసినతోడనే యొక చిన్న పత్రము నచ్చొత్తింతురు. అందు గడచిన కాలమున తాము వాయించిన వానిని, పడిన కష్టసుఖములను జెప్పికొని, ధనమిచ్చినవారికిని, టిక్కెట్లు కొని వచ్చి వినినవారికిని, కుర్చీలు వేసి దీపములు వెలిగించినవారికిని వందనము లర్పింతురు. ఇది మంచి యాచారము. సంగీతము వాయించువారివలన మాత్రమే బ్రదుకదనియు, వినువారివలనను పోషించువారివలననుకూడ బ్రదుకుననియు ఆ పత్రము ఏటేట జనులకు జ్ఞాపకము చేయుచుండును.

మన గోదావరీతీర గ్రామములలో అట్టి వాద్యబృందము లేదని తలంచువారు కలరు. అది సరి కాదు. పట్టిసీమ మొదలు అంతర్వేదివరకు ఏ గ్రామమున బెండ్లి జరిగినను, ఏ దేవుని యుత్సవము జరిగినను, ఆ యూరిదో పొరుగూరిదో యొక మేళము వచ్చి వాయించుట మన మెరుగుదుము. ఆ మేళగాండ్రు మన యిరుగుపొరుగువారే. వారిని పోషించునదియు మన గ్రామములే. అయితే వారు వందనపత్రము నచ్చొత్తింపలేదు. వారికి మనమును వందనము చెప్పలేదు. మేళమనగా నేమో, దాని యేడాది యెట్లు గడచునో, దానిని పోషించువా రెవరో, ఇటీవలి సంవత్సరములలో దానికి సంభవించిన కష్టమెట్టిదో మా విద్యార్థులకు దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మేళమనగా నేమి?

మేళమనగా కూడిక. సన్నాయి, డోలు, శ్రుతి, తాళము అను నాలుగును కూడినప్పుడే అది మేళము. గ్రంథములలో నాగస్వరమనియు నాదస్వరమనియు వ్రాయబడు వాద్యమునే మనవైపు జనులు సన్నాయి యందురు. ఉత్తరదేశపు షెహనాయి దీనికంటె పొట్టిది. అది వేరు వాద్యము. మన సన్నాయి గట్టి కొయ్యతో చేయబడి, రెండున్నర మొదలు మూడడుగుల పొడవు కలిగి, పైన సన్నముగాను క్రిందికి పోయినకొలది వెడల్పుగాను ఉండి, తుదిని గరాటువంటి నోటితో ముగియును. పైకొనను ఊదుటకు పీక యుండును. అది రెల్లుజాతి దంటుతో చేయబడినది. మంచి వాద్యకాని సన్నాయికి నాలుగైదు పీకలును, పీకలో తడి చేరినప్పుడు శుభ్రపరచుటకు సన్నని సూదియు దారముతో వ్రేలాడుచుండుట మీరు చూచియుందురు. చిన్నపిల్లలు దానిని అలంకారమనుకొందురు గాని యది పనిముట్టు.

సన్నాయికి వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు. వానికి దిగువను మరి యయిదు రంధ్రములుండును. ఇవి వ్రేళ్లకొరకు గాక, మైనముతో కొంత మూసియు కొంత తెరచియు శ్రుతిని సరిచేసికొనుటకొరకు ఏర్పడినవి. హార్మోనియమునందు స్వరమునకొక మెట్టుండును. మెట్టు నొక్కినచో స్వరము పలుకును. సన్నాయియం దట్లు కాదు. రంధ్రమును సగము మూయుటచేతను, పెదవుల బిగువుచేతను, ఊపిరి హెచ్చుతగ్గులచేతను స్వరములను గమకములను తానే కల్పించుకొనవలెను. కావున సన్నాయి నేర్వగోరువాడు ముందుగా గాత్రమున పాడ నేర్చుట సంప్రదాయము. నోట పలుకని రాగము వాద్యమున పలుకదు.

డోలు పనసకొయ్యను తొలిచి చేయబడునది. దాని రెండు ముఖములలో నొకదానిని కఱ్ఱతోను, రెండవదానిని వ్రేళ్లకు గట్టి తొడుగులు తొడిగికొనియు వాయింతురు. పూర్వము శ్రుతికొరకు ఒత్తు అను వేరొక గొట్టము నూదెడువాడు ఉండెడివాడు. ఊపిరి తెగకుండ ఒకే స్వరమును గడియలకొలది నిలుపుట వాని పని. పిమ్మట శ్రుతిపెట్టెయు, అటుపిమ్మట విద్యుచ్ఛక్తితో మ్రోగు పెట్టెయు ఆ పనికి వచ్చినవి. తాళము సామాన్యముగా బాలుర చేతికిత్తురు. అది చిన్నపనివలె దోచును గాని మేళమున కదియే బడి. తండ్రి ప్రక్కను నిలిచి తాళము వేయుచు వేయుచునే బాలుడు రాగములను చెవిలో నిలుపుకొనును.

పాశ్చాత్యుల బృందమునకును మన మేళమునకును ముఖ్యభేదములు రెండు గలవు. వారియందు పెక్కు స్వరములు ఏకకాలమున పలుకును. మనకు రాగ మొక్కటియే ధార, డోలు దానికి గట్టు. వారు కాగితముపై వ్రాసినదానిని చూచి వాయింతురు, వారియెదుట నాయకుడొకడు నిలిచి చేతికఱ్ఱతో కాలము చూపును. మన మేళమునకు కాగితము లేదు. అయితే నాయకు డొకడు కలడు. పెండ్లిపందిటిలో పురోహితుడే ఆ నాయకుడు! మంగళసూత్రధారణ సమయమున ఆయన చేయెత్తి సంజ్ఞ చేయగానే, బంధువులు "గట్టిమేళము, గట్టిమేళము" అని కేకలు వేయుదురు. అప్పు డెంతటి విద్వాంసుడైనను తాను ఆలాపించు రాగమును విడిచి, డోలుతో గూడి బిగ్గరగా వాయింపవలెను. ఆ శుభక్షణమున తుమ్ముగాని అశుభపు మాటగాని ఎవరి చెవిని పడకుండుటకే యీ యేర్పాటని పెద్దలు చెప్పుదురు. దీనికై మేళగాడు గంటలకొలది రాగముమీద నొక కన్నును, పీటలమీద నొక కన్నును ఉంచవలెను.

ఈ వాద్యములు బిగ్గరగా మ్రోగునని కొందరు ఆక్షేపింతురు. అవి నాలుగు గోడలనడుమ వాయించుటకు పుట్టినవి కావు. పట్టిసీమను తలంచుకొనుడు. గోదావరి నట్టనడుమ దేవకూటమను కొండమీద వీరభద్రస్వామి యాలయమున్నది. మహాశివరాత్రికి జనులు పడవలెక్కి యచ్చటికి పోవుదురు. నదిగాలి, అలల చప్పుడు, వేలజనుల సందడి, వీనినన్నిటిని దాటి యొడ్డుననున్నవానికి వినబడవలెనన్నచో ఏ వాద్యము పనికివచ్చును? వీణ పనికిరాదు. సన్నాయి, డోలు పనికివచ్చును. గోదావరి మండలములలో వీరభద్రుని పేర జరుగు వీరనాట్యమునకును డోలు, తాషా, వీరణము వంటి గట్టి వాద్యములే తోడగుట యిందువలననే.

మేళగాండ్ర యేడాది

పాశ్చాత్యుల బృందమునకు కచేరీల కాలమును వారి సంఘము నిర్ణయించును. మన మేళమునకు పంచాంగము నిర్ణయించును. మాఘ ఫాల్గుణములు, వైశాఖ జ్యేష్ఠములు, శ్రావణము, కార్తిక మార్గశిరములు పని గల మాసములు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము శూన్యమాసములు. అప్పుడు పెండ్లిండ్లు లేవు. అధికమాసము వచ్చినచో మరియొక నెల పోవును. ఇవిగాక మౌఢ్యములు గలవు.

మౌఢ్యమనగా నేమో ఖగోళశాస్త్రరీతిని చెప్పెదము. గురుడుగాని శుక్రుడుగాని సూర్యునికి మిక్కిలి సమీపముగా కనబడు దిక్కునకు వచ్చినపుడు సూర్యకాంతిలో మునిగి మన కంటికి కనబడడు. ఆ దినములలో శుభకార్యములు చేయరాదని మన పూర్వుల కట్టుబాటు. గురుడు ఇంచుమించు 399 దినముల కొకసారి యిట్లు మరుగై, సుమారొక నెల కనబడకుండును. శుక్రుడు 584 దినముల కాలములో రెండుసార్లు మరుగగును. సూర్యునికి ఈవలగా వచ్చినపుడు కొలది దినములు మాత్రమే కనబడడు; ఆవలగా పోయినపుడు రెండు నెలలకు పైగా కనబడడు. ఆకాశమున నొక గ్రహము సూర్యుని వెనుకకు పోయినచో గ్రామమున నొక మేళగాని పొయ్యి మెల్లగా మండును. ఇది యలంకారముగా చెప్పినది కాదు, లెక్క.

ముహూర్తము లున్న నెలలలోకూడ మరియొక చిక్కు కలదు. మంచి ముహూర్తమున్న దినమున నొక్క ప్రాంతముననే పదిపెండ్లిండ్లు జరుగును. మేళ మొక్కచోటికే పోగలదు. మరుసటి వారమంతయు పెండ్లి యుండకపోవచ్చును. పని యట్లు గుంపుగా వచ్చును; ఆకలి యట్లు రాదు, అది దినదినమును వచ్చును. అందుచేత మేళపు నాయకుడు ముందుగా బయానా పుచ్చుకొని, దానితో పీకలు, డోలుతోళ్లు, ప్రయాణపు ఖర్చులు సమకూర్చుకొని, మిగిలినది పంచును. శూన్యమాసములలో మేళగాండ్రు క్షౌరవృత్తియో, వ్యవసాయపు కూలియో చేసికొని కాలము గడుపుదురు. ఇట్లు సగమేడు వేరుపని చేసిన చేతులే మిగిలిన సగమేడు తోడియు కల్యాణియు పలికించుచున్నవి.

పోషకు లెవరు?

పూర్వకాలమున రాజులును జమీందారులును సంగీతమునకు పోషకులు. విజయనగరమున 1919వ సంవత్సరమున స్థాపింపబడిన సంగీత కళాశాలయు, దానికి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసుగారును, అచ్చట వాయులీనము బోధించి పిమ్మట అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారును అట్టి పోషణకు నిదర్శనములు. దేవాలయములలో మేళము చేయువారికి సేవ నిమిత్తము మాన్యములుండెడివి. 1956వ సంవత్సరపు ఇనాముల రద్దు చట్టమువలన ఆ మాన్యముల యేర్పాటు మారెను. 1987వ సంవత్సరపు ధర్మాదాయ చట్టమువలన వంశపారంపర్యపు ఆలయోద్యోగములు తొలగెను. ఆ చట్టములు వేరు ప్రయోజనములకొరకు చేయబడినవి. వాని మంచిచెడ్డల విచారణ మాకిచట పనిలేదు. ఫలితమును మాత్రము గమనింపుడు: తండ్రి తరువాత కొడుకునకు ఆలయము నీడ తప్పక దొరకునను ధైర్యము తొలగినది.

పిమ్మట సభలు వచ్చినవి. కాకినాడలోని సరస్వతీ గానసభ మనదేశపు పాతసభలలో నొకటి. జనులు చందాలు వేసికొని విద్వాంసులను రప్పించి వినుట అట్టి సభలవలన మనవారికి అలవాటాయెను. పిమ్మట ఆకాశవాణి వచ్చెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమాయెను. ఢిల్లీయందు 1952లో ఆకాశవాణి వాద్యబృంద మేర్పడగా రవిశంకరుగారు దానికి తొలి నిర్వాహకులైరి. తరువాతికాలమున దానిని నడపినవారిలో మన ద్రాక్షారామమున జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగా రొకరు. గోదావరి గాలి పీల్చినవా డొకడు దేశపు బృందమును నడిపెననుట మా విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగినది.

సన్నాయి విద్యకును గొప్ప పేరు తెచ్చినవారు మనలో గలరు. దోమాడ చిట్టబ్బాయిగారు, దాలిపర్తి పిచ్చిహరిగారు మన నాదస్వర విద్వాంసులలో ప్రసిద్ధులు. కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాసాహెబుగారు శ్రీరంగమున నివసించి, దేశమంతట వాయించి, 1998లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదు పొందిరి. ఆయన మహమ్మదీయుడు, వాయించినది హిందూ దేవాలయములలో, వినినవారు అన్ని మతములవారు. నేడు తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారు నాదస్వరమునకును డోలునకును పాఠశాల నడపుచున్నారు.

ఇన్ని చెప్పియు, ముఖ్య పోషకుని చెప్పలేదు. రాజు, ఆలయము, సభ, ఆకాశవాణి, ఇవి యన్నియు కొలదిమందిని పోషించినవి. వందలకొలది మేళములను తరతరములుగా పోషించినవాడు సామాన్య గృహస్థుడు. కూతురు పెండ్లికి అప్పు చేసియైనను మేళము పెట్టించిన రైతు, చేపలు పట్టి బ్రదుకు పల్లెకారు, నేతగాడు, వీరే మన సంగీతపు మహారాజపోషకులు. వారి పేళ్లు ఏ శిలాఫలకముమీదను లేవు.

శార్వరి, ప్లవ సంవత్సరములు

ఈ పోషణ యెంత సున్నితమైన త్రాటిమీద నిలిచియున్నదో 2020, 2021 సంవత్సరములు చూపినవి. 2020 మార్చి 25వ తేదీన శార్వరి నామసంవత్సర ఉగాది. ఆ దినముననే కరోనా వ్యాధి కారణమున దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినవి. ఏప్రిలు 2వ తేదీన శ్రీరామనవమికి భద్రాచలమున కల్యాణము భక్తజనుల రాక లేకయే జరిగెను. ఏప్రిలు చివర మొదలైన వైశాఖము మేళగాండ్రకు పంటకాలము. ఆ పంట పోయెను. మే నెలలో వచ్చిన నిబంధనలచొప్పున పెండ్లికి ఏబదిమందికి మించి యుండరాదు. ఏబదిమందిలో బంధువులను లెక్కించుకొనువాడు మేళగాండ్రకు చోటెక్కడ నిచ్చును? ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అధిక ఆశ్వయుజము వచ్చి మరియొక నెల పోయెను.

2021 జనవరి చివర గురుడు సూర్యునితో కలిసెను. మార్చి 26వ తేదీన శుక్రుడు సూర్యునికి ఆవలగా కలిసెను. రెండు మౌఢ్యములు ఒకదానివెంట నొకటి వచ్చుటచేత ఆ యేటి మాఘ ఫాల్గుణములు ముహూర్తములు లేకయే గడచినవి. శుక్రుడు మరల కనబడి వైశాఖము వచ్చుసరికి వ్యాధియొక్క రెండవ యుద్ధృతి వచ్చెను. ఇట్లు వైశాఖము, మాఘము, మరల వైశాఖము, మూడు పంటలు వరుసగా పోయినవి. రైతునకు మూడుపంటలు పోయినచో ఊరంతయు మాటలాడుకొనును. మేళగానికి పోయినచో ఎవరును లెక్క వ్రాయలేదు. ఆ 2020లోనే షేక్ మహబూబ్ సుభానీగారికిని వారి భార్య కాలీషాబీగారికిని నాదస్వరవిద్యకు పద్మశ్రీ బిరుదు ప్రకటింపబడినది. విద్యకు గౌరవము దొరకిన యేటనే విద్యావంతులకు అన్నము కరవైనది.

శార్వరి యనగా రాత్రి. తరువాతి సంవత్సరము ప్లవ; ప్లవ యనగా తెప్ప. రాత్రి దాటించిన తెప్ప యేదని విచారించినచో, అది యిరుగుపొరుగువారి మంచితనమే యని చెప్పవలసియున్నది. పెండ్లి ఆగిపోయినను ఇచ్చిన బయానా తిరిగి అడుగని గృహస్థుడు ఎక్కడనున్నను వందనీయుడు. పందిరిలో నలుగురే యున్నను ఒక సన్నాయిని, ఒక డోలును పిలిపించినవాడు వందనీయుడు. బియ్యము కొలిచి పంపిన ఇల్లాలు వందనీయురాలు. తాము ఎవరిని నిలిపిరో వా రెరుగరు.

యంత్రసంగీతము

వ్యాధి తగ్గినది, పెండ్లిండ్లు మరల సందడిగా జరుగుచున్నవి. అయితే అన్ని పందిళ్లలోను మేళము లేదు. పెట్టెలో నిలువచేసిన సన్నాయిపాటను పెద్ద ధ్వనియంత్రములతో వినిపించుటయు, ఊరేగింపున సినిమాపాటలు మ్రోయించుటయు చౌకయని కొందరి యభిప్రాయము. మేము యంత్రములను నిందింపము. మహావిద్వాంసులు వాయించినది వారు గతించిన పిదపకూడ మనము వినుచున్నామన్నచో అది యంత్రముల యుపకారమే. కాని రెంటికిని భేదము తెలిసికొనవలెను. యంత్రము పురోహితుని చేయి చూడదు. ముహూర్తము నాలుగు నిమిషములు జరిగినచో గట్టిమేళము నాలుగు నిమిషములు ముందుగానే మ్రోగిపోవును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. యంత్రము ప్రక్కను తాళము వేయు బాలుడు లేడు. మేళ మొక్కటి తగ్గినచో ఆనాటి సంగీతము మాత్రమే కాదు, ముప్పదియేండ్ల తరువాతి విద్వాంసుడును తగ్గిపోవును. ఆ నష్టము మన కంటికి కనబడనిది గనుకనే ప్రమాదకరమైనది.

ఇతర దేశములలోను ప్రాంతములలోను ఇట్టి నష్టమును జనులు ఎట్లు తప్పించుకొనిరో రెండు దృష్టాంతములు చెప్పెదము. 1858లో చార్లెస్ హాలేగారు మాంచెస్టరు పట్టణమున నొక వాద్యబృందమును స్థాపించిరి. ప్రత్తిమిల్లుల పట్టణమది. సామాన్యులును వచ్చి వినునట్లు చౌకటిక్కెట్లుకూడ పెట్టుట ఆయన పద్ధతి. ఆ బృందము నేటికిని సజీవముగా నున్నది. మధ్యభారతమున మైహరు సంస్థానమున ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖానుగారు 1918 ప్రాంతమున వ్యాధివలన దిక్కులేనివారైన పిల్లలను చేరదీసి, వాద్యములు నేర్పి, ఒక బృందము గావించిరి. తుపాకి గొట్టములను కోసి నళతరంగమను వాద్యముగా మలచిరి. మహారాజుపోయినను ఆ బృందము పోలేదు. మొదటిదానియందు వినువారి సంఖ్య పెరిగెను. రెండవదానియందు నేర్చువారి సంఖ్య పెరిగెను. ఏ వాద్యబృందమునకైనను ఈ రెండే ప్రాణములు.

మన కర్తవ్యము

మా విద్యార్థులలో ధనికులు తక్కువ. అందుచేత ధనసాధ్యమైన పనులు మేము చెప్పము. ఇకమీదట మీ యింట పెండ్లి జరిగినప్పుడు మేళపు నాయకుని పేరును, ఊరును అడిగి తెలిసికొనుడు. శుభలేఖలో బంధువుల పేళ్లెన్నియో అచ్చొత్తింతుము. తుదిని మేళగాని పేరున కొక్క పంక్తి చాలును. భోజనముల వేళ వారిని కడపటి పంక్తికి నెట్టక, అతిథులతోపాటు కూర్చుండబెట్టుమని పెద్దలతో చెప్పుడు. ఒక రాగము నడుచుచుండగా సినిమాపాట వాయింపుమని మధ్యను ఆపకుడు, ముగిసినపిమ్మట అడుగుడు. తాళము వేయు బాలుడు మీ తరగతివాడే యైనచో, వాడు మరునాడు పాఠశాలకు నిద్రమొగముతో వచ్చినపుడు నవ్వకుడు. రాత్రియెల్ల వాడు మేలుకొని మనకొరకు కాలము లెక్కించినాడు.

ఉపాధ్యాయులమైన మేముకూడ చేయదగినది గలదు. సంగీతపాఠమున హార్మోనియమును మాత్రమే చూపక, ఏడాదికొకనాడైనను గ్రామపు మేళమును తరగతికి పిలిచి, సన్నాయి రంధ్రములను, పీకను, డోలుతోలును పిల్లలచేత ముట్టించి చూపింపవలెను. శబ్దశాస్త్రమునకు అంతకంటె మంచి పాఠము లేదు. పిలిచినప్పుడు ప్రయాణపు ఖర్చును, తగిన సంభావనయు నిచ్చి పంపవలెను. విద్యను ఊరక అడుగరాదు.

మేళగాండ్రు తమ కాలము ముగియగానే వందనపత్రము నచ్చొత్తింపజాలరు. వారి పక్షమున మేమీ నాలుగు పుటలు వ్రాసితిమి. మాఘమునందును, మండు వైశాఖమునందును మేళము పెట్టించిన ప్రతి గృహస్థునకును, తెప్పవంటి మనసుతో కష్టకాలమున ఆదుకొనిన ప్రతి యిరుగుపొరుగునకును, పీకలు చెక్కువారికిని, డోలుతోళ్లు బిగించువారికిని, శివరాత్రినాడు మేళమును పట్టిసీమ కొండకు చేర్చు పడవవారికిని మా వందనములు. మేళగాండ్రకు మన మిచ్చు వందనము మాత్రము మాటలతో చాలదు. రాబోవు శ్రావణమున మీ వీధిలో సన్నాయి వినబడినచో, కొంచెము నిలిచి, రాగము ముగియువరకు వినుడు.